గాలి ఆడాలి, నీరు దిగరాదు

కోటిలంక ఊళ్ళో ఒక గొడుగు పుల్ల ఇంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనర్ త్రిలోచనరావు గారికి ప్రజల ఆరోగ్యం మీద విపరీతమైన పట్టింపు. ప్రజలంతా పొద్దున్నే కాలవ గట్టు మీద నడవాలని పేపర్లో ప్రకటించి, ముందుగా తానే నడిచి చూపిద్దామని ఒక ఆషాఢమాసపు ఉదయం బయల్దేరారు. సన్నగా తుంపర పడుతోంది. గట్టు మీద జనం గొడుగులేసుకుని కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. ఎదురుగా వస్తున్న రైస్ మిల్లు గుమాస్తా పట్టాభి, అంత పెద్దాఫీసరు తన ఎదురుగా నడిచొస్తున్నారన్న సంబరంలో "నమస్కారమండీ" అని చెయ్యెత్తాడు. ఎత్తిన చేతిలో గొడుగుంది. దాని పుల్ల సూటిగా వెళ్ళి కమిషనర్ గారి కళ్ళజోడును లేపేసింది. కళ్ళజోడు కాలవలో పడింది. పేరులో మూడు కళ్ళున్నా మొహానికున్నవి రెండే కాబట్టి ఆయన బాగా హడలిపోయారు.

మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ తయారైంది. తయారుచేసింది జనరల్ సెక్షన్ సూపరింటెండెంట్ భీమశంకరం గారు. ఆయన చెయ్యి పడని కాగితం ఆ ఆఫీసు గుమ్మం దాటదు. మామూలు మనుషులు ఊపిరి పీల్చుకునే చోటల్లా ఆయన 'తదనుగుణంగా' అని రాస్తారు. ఆ రోజు ఆయన కలం మంచి ఊపు మీద ఉంది.

"కాలవ గట్టుపై గొడుగుల వినియోగం ప్రజల నేత్ర భద్రతకు భంగకరముగా పరిణమించినట్లు గుర్తించడమైనది. తదనుగుణంగా సదరు వినియోగము నిషేధించడమైనది. వర్షాకాలమందు గట్టుపై సంచరించు ప్రతి వ్యక్తియు, బయటి నీరు లోనికి దిగనిదియు, లోపలి గాలి వెలుపలికి ఆడునదియు, సౌమ్య నడకకు అనువైనదియు నగు ఆమోదిత పాదచారి కవచమును విధిగా ధరించవలెను."

గాలి ఆడడమనే మాట కమిషనర్ గారిది. ఆయన ఒకసారి కొండ ప్రాంతంలో శిక్షణకు వెళ్ళినప్పుడు అలాంటి జాకెట్ ఒకటి చూశారట. చూశారంతే, వేసుకోలేదు. వానకు తడవదట, ఒంటికి ఉక్క పోయదట. ఆయన జాకెట్ అనే అన్నారు గానీ, మన ఊళ్ళో జాకెట్టంటే ఆడవాళ్ళ వ్యవహారం కాబట్టి భీమశంకరం గారు దాన్ని కవచంగా మార్చారు. వర్షాకాలమంటే జూన్ నుంచి నవంబరు ఆఖరు దాకా అని కింద వివరణ కూడా ఇచ్చారు. ఆకాశం ప్రవర్తన పురపాలక సంఘం అధీనంలో లేనందున, వాన పడుతున్నా పడకపోయినా నిబంధన ఒకటేనన్నారు. కమిషనర్ గారు సంతకం పెడుతూ "భాష చాలా బాగుందండీ" అన్నారు.

ఆ మెప్పుతో భీమశంకరం గారు ఇంటికి వెళ్ళి, కాఫీ తాగుతూ, భార్య సుభద్రమ్మకు సర్క్యులర్ చదివి వినిపించారు. ఆవిడ మంచం మీద కాలు చాపుకుని మోకాలికి తైలం రాసుకుంటోంది. నెలన్నర కిందట రాజమండ్రిలో ఆ మోకాలికి ఆపరేషన్ అయింది. "రోజూ పొద్దున్న మెల్లగా, సాపుగా ఉన్న నేల మీద నడవాలమ్మా. మానేస్తే మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత నా దగ్గరికొచ్చి లాభం లేదు" అని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. వాళ్ళ వీధి సాపుగా ఉండడమనేది కల. మునిసిపాలిటీ వాళ్ళే మురుగు కాలవ కోసం తవ్వి, ఎందుకు తవ్వారో మర్చిపోయారు. అందుకని రోజూ ఆయన భుజం పట్టుకుని గట్టు మెట్లెక్కి, ఇసక బాట మీద ఆవిడ అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. ఈ మధ్యనే కాస్త కాలు మడత పడుతోంది కూడా.

"బాగుందండీ. ఆ ఆమోదిత కవచం ఎక్కడ దొరుకుతుందీ?" అందావిడ.

"ఇంకా ఆమోదించలేదు."

"మరి ఆమోదించేదాకా నేనెక్కడ నడవనూ?"

భీమశంకరం గారు సర్క్యులర్ మళ్ళీ తీసి చూశారు. అటూ ఇటూ తిప్పి చూశారు. అందులో ఆ సంగతి లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో తాను రాసిన కాగితం తిరిగి తన ఇంటికే వచ్చి తగలడం ఆయనకు ఇదే మొదటిసారి.

మర్నాడు గట్టు మెట్ల దగ్గర వాచ్‌మన్ నూకరాజు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. "ఆయ్, తమరికి తెలీందేముందండి. తమరు రాసిన కాయితమే కదండి. అమ్మగారిని ఒగ్గేత్తే రేపు నా ఉజ్జోగం ఉంటాదాండి?" అన్నాడు. వాడి వెనకాల ఇసక బాట తడిసి, ఒక్క మనిషి కూడా లేకుండా, చక్కగా చదునుగా ఉంది. సుభద్రమ్మ దానివంక కాసేపు చూసి ఇంటిమొహం పట్టింది.

భీమశంకరం గారు మినహాయింపు కోరుతూ వెంటనే నోట్ పెట్టారు. అది హెల్త్ ఆఫీసర్ డాక్టర్ కామేశ్వరి గారి బల్ల మీదికి వెళ్ళి, అభిప్రాయంతో తిరిగొచ్చింది. "అనారోగ్య కారణముగా కవచము ధరించలేని వ్యక్తులకు నడక నుండి మినహాయింపు ఇవ్వవచ్చును" అని ఉంది. అంటే నడవక్కర్లేదన్నమాట. ఆ వాక్యం తానే రాసినంత చక్కగా ఉండడంతో ఆయనకు మరింత ఒళ్ళు మండింది.

సరే, మినహాయింపు లేకపోతే కవచమే తేల్చేద్దామనుకున్నారు. కమిషనర్ గారు కవచ ఎంపిక సంఘం వేశారు. అధ్యక్షులు మునిసిపల్ ఇంజనీరు జోగేశ్వరరావు గారు. సభ్యులు కామేశ్వరి గారు. సభ్య కన్వీనరు భీమశంకరం గారు. ఒక కోటు ఎంచడానికి ఎంతసేపు పడుతుంది, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుందని ఆయన అనుకున్నారు. పక్కవాళ్ళ సంఘాల గురించైతే ఆయన అలా ఎప్పుడూ అనుకునేవారు కాదు.

మొదటి సమావేశమంతా 'సౌమ్య నడక' అంటే ఏమిటన్న దగ్గరే గడిచింది.

"కవచం దేనికి అనువుగా ఉండాలో తేలకుండా కవచాన్ని ఎంపిక చేయడం పద్ధతి కాదు" అన్నారు ఇంజనీరు గారు.

"శాస్త్రం స్పష్టంగా ఉందండీ," అన్నారు కామేశ్వరి గారు. "నడుస్తూ మాట్లాడలేకపోతే అది వేగ నడక. మాట్లాడగలిగితే మామూలు నడక. నడుస్తూ పాడగలిగితేనే సౌమ్య నడక."

"ఏం పాడాలి?"

"అది శాస్త్రం చెప్పదు."

"పాడడం రానివాళ్ళ సంగతి?"

కామేశ్వరి గారు ఆలోచించారు. "వారి నడక సౌమ్యమని నిరూపణ కాలేదని భావించవలసి ఉంటుంది" అన్నారు. గీతం ఎంపికను పాదచారి విచక్షణకు వదిలివేయడమైనదని భీమశంకరం గారు రాసుకున్నారు. రాసుకుంటూ గడియారం చూశారు. ఆఫీసు వేళ అయిపోయింది.

నమూనాలు పంపమని పేపర్లో వేసిన ప్రకటనకు మూడు వచ్చాయి. ఒకటి లారీల మీద కప్పే టార్పాలిన్ కుట్టే షాపు నుంచి. చేతులూ టోపీ పెట్టి కుట్టారు గానీ, దానంతట అదే నిలబడుతుంది, లోపల మనిషి ఉండనక్కర్లేదు. రెండోది ఒక దర్జీ పంపింది. గాలి ఆడాలి అన్న మాట ఒక్కటే చదివినట్టున్నాడు, దోమతెరతో కుట్టాడు. మూడోది పట్నం నుంచి ఒక కంపెనీ పంపింది. తేలిగ్గా, మడిస్తే గుప్పెట్లో పట్టేంత చిన్న ప్యాకెట్. అది అచ్చంగా కమిషనర్ గారు కొండ మీద చూసిన రకం. నిబంధనల ప్రకారం లక్కతో ముద్ర వేసి మరీ పంపారు.

అక్కడే ఆ కంపెనీ దెబ్బతింది. ముద్ర వేసిన నమూనాను తుది ఎంపిక అయ్యేదాకా విప్పకూడదు. విప్పకుండా పరీక్షించడం కుదరదు. పరీక్షించకుండా ఎంపిక కుదరదు. టార్పాలిన్ షాపువాడికీ దర్జీకీ ఈ మర్యాదలు తెలియక, పాత పేపర్లో చుట్టి పంపారు కాబట్టి వాళ్ళవి పరీక్షకు అర్హమయ్యాయి. మూడోదాన్ని ఇంజనీరు గారు స్వయంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని ముద్ర చెక్కుచెదరకుండా ఉన్నట్లు తరచూ చూసి ధ్రువీకరించే బాధ్యత కన్వీనరు మీద పడింది.

గాలి పరీక్ష సమావేశపు హాల్లో జరిగింది. కోటును తాడుకు తగిలించి, అవతల వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టి, ఇవతల నుంచి ఊదాలి. కొవ్వొత్తి ఆరితే గాలి ఆడినట్టు. ఊదే అధికారం అధ్యక్షుల వారిది. దోమతెర వెనకనుంచి ఇంజనీరు గారు ఊదగానే కొవ్వొత్తి ఆరిపోయింది, బల్ల మీది కాగితాలు కూడా లేచాయి. టార్పాలిన్ వెనకనుంచి ఆయన ఎంతసేపు ఊదారో చెప్పలేం. మొహం ఎర్రబడి, తర్వాత నీలపడి, కామేశ్వరి గారు నాడి పట్టుకుని చూసి పరీక్ష ఆపించారు. కొవ్వొత్తి మాత్రం చివరిదాకా నిటారుగా వెలుగుతూనే ఉంది.

నీటి పరీక్ష ఇంకా కష్టమైంది. సహజ వర్షంలోనే జరగాలని తీర్మానించారు. తేదీ పెట్టారు. ఆ రోజు కుండపోత. ఇంజనీరు గారు కిటికీలోంచి చూసి, "ఇంత వానలో బయటికెలా వెళ్తామండీ?" అన్నారు. భారీ వర్షం కారణంగా వర్ష పరీక్ష వాయిదా వేయడమైనదని కబురు వెళ్ళింది. రెండో తేదీన ఎండ కాసింది. వర్షాభావం కారణంగా వాయిదా. మూడోసారి సరిగ్గా కావలసినంత జల్లు పడింది గానీ, అందరూ మెట్లు దిగేసరికి వెలిసింది. చివరికి ఫైరింజన్ తెప్పించారు. దోమతెర కోటుకు మొదటి ధారకే చేతులూడిపోయాయి. టార్పాలిన్ కోటు చలించలేదు. ఎదురుగా ఉన్న కామేశ్వరి గారు నిలువునా తడిశారు, ఆవిడ మీదున్నది మామూలు చీరే కాబట్టి.

ఫలితాలు చూస్తే ఒకదానికి గాలిలో నూటికి నూరు, నీటిలో సున్నా. రెండోదానికి నీటిలో నూరు, గాలిలో సున్నా.

"సగటు తీస్తే రెండింటికీ యాభై" అన్నారు కామేశ్వరి గారు, తల తుడుచుకుంటూ. "ముప్పై అయిదు వస్తే పదో తరగతే పాసవుతారు. కోటు ఎందుకు పాసవదు?"

"పాసే. కానీ రెండూ పాసైతే ఏది కొనాలి?" అన్నారు ఇంజనీరు గారు. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, కళ్ళు తెరిచారు. "టార్పాలిన్ కోటుకు కన్నాలు పెడదాం. గాలి ఆడుతుంది."

"నీరు దిగదా అండీ?" అన్నారు భీమశంకరం గారు.

"దిగుతుంది. దిగిన నీరు అదే కన్నాల్లోంచి బయటికి పోతుంది. లోపల నిలవ ఉండదు. కాలవలు కట్టినవాణ్ణి, ఆమాత్రం తెలీదా నాకు?"

ఆఫీసు పంచింగ్ మిషన్లు అందుకు చాలలేదు. సైకిలు షాపు నుంచి మనిషిని పిలిపించి కన్నాలు కొట్టించారు. అలా 'సవరించిన నమూనా' పుట్టింది.

ఇక్కడ కన్నాలు పడుతుండగా ఇంట్లో సుభద్రమ్మ మోకాలు రోజురోజుకీ బిగుసుకుంటోంది. ఆవిడ పట్టుదల మనిషే. భోజనాల బల్ల చుట్టూ తిరిగింది. తిరుగుతుంటే బల్ల మూల తగిలేది. వసారాలో నడిచింది, నాలుగడుగులకు గోడ వచ్చేది. మలుపు తిరిగినప్పుడల్లా కాలు కలుక్కుమనేది. ఒక రోజు స్నానాల గదిలో చిన్న స్టూలు మీంచి లేవలేకపోయింది. "ఏవండీ" అని పిలిస్తే భీమశంకరం గారు పరిగెత్తి, రెండు చేతులా పట్టి లేపారు. ఆవిడ మూలగలేదు. ఆయన భుజానికి నుదురు ఆనించి కాసేపలా నిలబడింది. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా చేత్తో నేనే రాశాను సుభద్రా" అన్నారు.

"రాస్తే రాశారు లెండి. భాష మాత్రం బాగుంది" అందావిడ. నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలో నొప్పికి ఆగిపోయింది.

ఆ రోజు భీమశంకరం గారు ఆఫీసుకు నడిచి వెళ్తూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళు ఏదో ఒకటి అడగడానికి వస్తే, నిబంధనలో సందు లేదని చెప్పి పంపడమే ఆయన పని. సందు ఎక్కడుండదో అంత బాగా తెలిసిన మనిషికి ఎక్కడుంటుందో తెలియకుండా ఉంటుందా? కాకపోతే ఆ వైపు ఎప్పుడూ చూడలేదు.

సమావేశంలో ఆయన గొంతు సవరించుకున్నారు. "సవరించిన నమూనాను మనిషి ధరించి నడిస్తే తప్ప దాని గుణం తేలదండీ. క్షేత్ర పరీక్ష జరపాలి."

"గట్టు మీద ఆమోదిత కవచం లేకుండా ఎవరూ నడవకూడదని మీరే రాశారు కదా?" అన్నారు ఇంజనీరు గారు.

"ఆమోదం కోసం జరిగే పరీక్షలో ఆమోదించిన కవచం ధరించడం అసాధ్యమండీ. తదనుగుణంగా పరీక్షా పాదచారికి సదరు నిబంధన వర్తించదు."

ఆ గదిలో అంత సబబైన మాట వినబడి చాలాకాలమైంది. దాంట్లో తప్పేమిటో దొరక్క ఇంజనీరు గారు కామేశ్వరి గారి వంక చూశారు.

"పరీక్షా పాదచారి నడక నిస్సందేహంగా సౌమ్యమై ఉండాలి" అన్నారావిడ.

"మా ఆవిడ ఉందండీ. అంతకన్నా మెల్లగా నడిచే మనిషి ప్రస్తుతం ఈ ఊళ్ళో లేదు."

"బాగానే ఉంది," అన్నారు ఇంజనీరు గారు. "కానీ ఉన్నది ఒకే ఒక్క సవరించిన నమూనా. వానలో తడిసి పాడైతే ఆడిట్ వాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు? ప్రభుత్వ ఆస్తి."

భీమశంకరం గారు ఈ ప్రశ్న కోసమే కూర్చున్నారు. "తడవకుండా దానిపైన ఏదైనా పట్టుకోవాలండీ."

"ఏం పడతారు?"

"గొడుగు."

"గొడుగు నిషేధం!"

"మనిషి తడవకుండా పట్టుకుంటే నిషేధమండీ. కవచం తడవకుండా పట్టుకోవడాన్ని సర్క్యులర్ ఎక్కడా నిషేధించలేదు. ఇంకో మాట. ధరిస్తే ముడతలు పడుతుంది. చేతిసంచిలో మడిచి పెట్టి తీసుకెళ్తే భద్రం."

అధ్యక్షుల వారు చాలాసేపు పెన్ను కొరికారు. ఆడిట్ అనే మాట ఆయనకు సింహస్వప్నం. చివరికి సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న ముసురు పట్టింది. గట్టు మెట్ల దగ్గర నూకరాజు ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివించుకుని విన్నాడు. "ఇదేటండీ, గొడుగు కోటుకాండి? కోటు సంచీలోనాండి? అమ్మగారు గొడుగు కిందనాండి?" అన్నాడు.

"అంతే."

"ఆయ్, అలగైతే ఎల్లండి. కానీ అమ్మగారు పాడాలంటండి. కాయితంలో ఉందండి."

సుభద్రమ్మ భర్త భుజం పట్టుకుని మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకీ పళ్ళు బిగబట్టింది. ఇసక బాట మీదికి చేరాక గొడుగు విప్పింది. మొగుడి ముందు పాడమంటే పెళ్ళిచూపుల తర్వాత ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారీ నోరు విప్పలేదు. ఎన్నిసార్లడిగినా, "నా పాటెందుకు, గిన్నెలు తోముకోవాలి" అని తప్పించుకునేది. ఇప్పుడు నియమం కాబట్టి, తలదించుకుని, గొంతులోనే మొదలుపెట్టింది. అది ఆ పెళ్ళిచూపుల పాటే. భీమశంకరం గారు గుర్తుపట్టారు. గొడుగు మీద చినుకుల చప్పుడులో సగం వినబడకపోయినా ఆయనకు చాలా సంతోషమేసింది. పురపాలక సంఘం నిబంధన వల్ల తనకు ఇంత మేలు జరగడం ఆయనెరగరు.

ఆఫీసుకెళ్ళి నివేదిక రాశారు. "పరీక్ష నిర్వహించడమైనది. నమూనా లోనికి నీరు దిగలేదు." అందులో అబద్ధం ముక్క లేదు. అయితే కింద ఇంకో వాక్యం చేర్చారు. "ఒక్క ముసురుతో నిర్ధారణకు రాజాలము. తుంపర, జల్లు, కుండపోత, గాలివాన విడివిడిగా పరీక్షించవలసియున్నది." సంఘం త్వరగా పని ముగించాలని దేవుణ్ణి వేడుకున్న మనిషి, అది ఎప్పటికీ ముగియకూడదని కోరుకోవడం ఆ రోజే మొదలైంది.

ఊళ్ళో ఇలాంటివి దాగవు. మొదట వచ్చింది పట్టాభి. గొడుగు పుల్ల పాపం తనదే కాబట్టి బెరుగ్గా వచ్చాడు. "మీ దయుంటే నేనూ పరీక్ష చేస్తానండి. నాకు షుగరండి. నడవకపోతే కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయండి." భీమశంకరం గారు సంఘంలో ప్రస్తావించారు. ఒక్కరి మీద చేసిన పరీక్ష శాస్త్రీయం కాదని కామేశ్వరి గారు వెంటనే ఒప్పుకున్నారు. షుగరు ఉన్నవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, లావుపాటివాళ్ళు, బక్కవాళ్ళు, అందరి మీదా చూడాలన్నారు. ఏ జబ్బూ లేనివాళ్ళను పోలిక కోసం చూడాలన్నారు. దాంతో ఊరంతా అర్హులయ్యారు.

నమూనా ఒక్కటే కావడం ఏమంత ఇబ్బంది కాలేదు. సంచి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వెనక నడిచేవాళ్ళంతా పరీక్షలో ఉన్నట్లేనని సంఘం ఉత్తర్వు ఇచ్చింది. పొద్దున్నే సంచి ముందు నడిచేది, వెనక గొడుగులు. ఒకరు భజన పాడేవారు, ఒకరు లాలిపాట, పట్టాభి పాటేదో ఎవరికీ తెలిసేది కాదు గానీ గొంతు మాత్రం కాలవ అవతలి ఒడ్డుకు వినబడేది. ఎవరైనా మాటల్లో పడి పాట ఆపితే నూకరాజు వెనకనుంచి "పాడండి, పాడండి" అని అదిలించేవాడు. బీరువాలో ఆ పట్నం కంపెనీవారి ప్యాకెట్ ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. భీమశంకరం గారు చూసి ధ్రువీకరిస్తూనే ఉన్నారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఆ పొద్దున్న చెప్పాపెట్టకుండా కమిషనర్ గారు గట్టెక్కారు. తన ఆదేశం ఎంతవరకు అమలవుతోందో చూద్దామని వచ్చారు. ఆయన కోసం ప్రత్యేకంగా కుట్టించిన కన్నాల టార్పాలిన్ కోటు తొడుక్కుని వచ్చారు. ఎంపిక పూర్తి కాకపోయినా అధికారులకు ఆ అడ్డంకి లేదు. కన్నాల్లోంచి వాన లోపలికి దిగింది. ఇంజనీరు గారి లెక్క ప్రకారం అదంతా తిరిగి అదే కన్నాల్లోంచి పోవాలి. పోలేదు. నడుం దగ్గర బెల్టు కట్టారు కాబట్టి అక్కడే నిలిచింది. ఆయన అడుగు వేసినప్పుడల్లా లోపల బుడుక్కుమంటోంది.

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఊరంతా కనిపించింది. బాట నిండా గొడుగులు, గొడుగుల కింద పాటలు. గట్టు పోయినట్టే, సుభద్ర మోకాలు పోయినట్టే అనుకున్నారు భీమశంకరం గారు. పట్టాభి ఈసారి గొడుగు ఎడమ చేతిలోకి మార్చుకుని, దూరం నుంచే, కుడిచేత్తో జాగ్రత్తగా నమస్కారం పెట్టాడు.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు.

"క్షేత్ర పరీక్షండీ."

"గొడుగులు?"

"నమూనా పరిరక్షణార్థమండీ."

"నమూనా ఎక్కడ?"

"సంచిలో ఉందండీ. చుక్క తడవలేదు."

కమిషనర్ గారు సంచి వంక చూశారు. తర్వాత తన కోటు వంక చూసుకున్నారు. ఏదో అనబోయి తుమ్మారు. కొత్త కళ్ళజోడు మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ తుమ్ముకు సుభద్రమ్మ కరిగిపోయింది.

"అయ్యో, రండి బాబూ, గొడుగు కిందికి రండి. చూడండి ఎలా తడిసిపోయారో. జలుబు చేస్తుంది" అంది.

గొడుగు కిందికి వెళ్ళడమంటే తన సంతకాన్ని తానే తుడిచేసుకోవడమని ఆయనకు తెలుసు. ఒక్క క్షణం బిగుసుకుని నిలబడ్డారు. వాన పెరిగింది. రెండడుగులు వేసి ఆవిడ గొడుగు కిందికి దూరారు. "పుల్ల కంట్లో పడకుండా కాస్త ఇలా వంచుతానుండండి" అని ఆవిడ గొడుగు పక్కకు వంచింది.

"సారు కూడా పాడాలండి" అన్నాడు నూకరాజు వెనకనుంచి. భీమశంకరం గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి కమిషనర్ గారు ఎవరికీ వినబడనంత మెల్లగా ఏదో కూనిరాగం తీస్తున్నారు. నడుం బెల్టు వదులుచేశారు. నీళ్ళు బడబడా కారిపోయాయి.

అలా గట్టు చివరిదాకా నడిచారు. సుభద్రమ్మ నడకకు తగ్గట్టు నడవడంతో కమిషనర్ గారికి కూడా, ఈ ఊరొచ్చాక మొదటిసారి, తీరిగ్గా నాలుగు కొబ్బరి చెట్లూ కాలవ నీళ్ళూ కనిపించాయి. మెట్ల దగ్గరికొచ్చాక ఆయన ఆగి, గొంతులోకి ఆఫీసు తెచ్చుకున్నారు.

"సూపరింటెండెంట్ గారూ, తుది నివేదిక ఎప్పటికి?"

భీమశంకరం గారు చేతులు కట్టుకున్నారు. "తమరు ఎప్పుడంటే అప్పుడేనండీ. ఈ వారంలోనే..."

"తొందరేం లేదు," అన్నారు కమిషనర్ గారు. "ఇది ప్రజా భద్రతకు సంబంధించిన విషయం. కూలంకషంగా పరీక్షించండి. వచ్చే వర్షాకాలం కూడా చూడండి." జీపెక్కుతూ వెనక్కి తిరిగి, "రేపు నేనూ పరీక్షకు వస్తాను. నాకొక గొడుగు ఏర్పాటు చేయించండి. నమూనా కోసమే" అన్నారు.

జీపు వెళ్ళిపోయింది. వాన కాస్త తెరిపిచ్చింది. భీమశంకరం గారు అలవాటు ప్రకారం మెట్టు దిగి, భుజం వంచి నిలబడ్డారు. సుభద్రమ్మ మూసిన గొడుగు ఆయన చేతికిచ్చింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, ఎవరినీ పట్టుకోకుండా, మెట్ల మీద ఒక్కో కాలూ మడిచి వేస్తూ దిగిపోయింది. కింద నిలబడి, అదేమంత పెద్ద విషయం కానట్టు, చెప్పుకంటిన ఇసక దులుపుకుంది. వంచిన భుజం వంచినట్టే ఉండిపోయింది ఆయనకు. కాసేపటికి గానీ నిటారుగా నిలబడాలని తోచలేదు.

ఇంటికి సగం దూరం వెళ్ళాక ఆవిడ ఆగింది. "ఏవండీ, కవచం సంచి పైన బాట మీదే వదిలేసొచ్చాం. మళ్ళీ వానొస్తే తడిసిపోతుందేమో!"

"ఉండనీవే," అన్నారు భీమశంకరం గారు. "నీరు దిగదని ఇన్నాళ్ళూ నేనే రాస్తున్నాను కదా."